నూకాలమ్మకి సూరన్న వేసిన లైను

కలకత్తా దగ్గర లిలువా రైల్వే వర్క్‌షాపు సైరన్ ఎంత దూరం వినిపిస్తుందో అంత దూరమూ సూరన్న పేరు 'లైటు సూరన్న'. రైలు పెట్టెలకి లైట్లూ ఫ్యాన్లూ బిగించే సెక్షన్లో ఫిట్టరు. తను బిగించిన ఫ్యాను తిరిగితే అది తన పనితనం. తిరక్కపోతే ఆ పెట్టెలో కూర్చున్నవాళ్లు చేసుకున్న పాపం. ఇందులో అతనికి రెండో మాట లేదు.

ఇంత పేరున్న సూరన్న ఇంట్లో వంటగది స్విచ్ ముట్టుకుంటే షాక్ కొట్టేది. భార్య రామమ్మ ఆ స్విచ్‌ని చెక్క గరిటెతో వేసి, చెక్క గరిటెతోనే ఆపేది. అందుకోసం ఒక గరిటె ప్రత్యేకంగా మేకుకి వేలాడుతూ ఉండేది. "ఊరందరి రైళ్లకీ ఎలుగిచ్చీసినాడు మా మావ. నాకు మాత్రం గరిటిచ్చినాడు," అని పక్కింటి బెంగాలీ ఆవిడతో చెప్పి నవ్వేది. సూరన్నకి కోపం వచ్చేది, స్విచ్ మీద మాత్రం చెయ్యి పడేది కాదు.

అలాంటి ఇంట్లోనే నూకాలమ్మ ఉంది.

అంటే అమ్మవారి వెండి ముఖం. సూరన్న తండ్రి వర్క్‌షాపులో లేత్ మీద పనిచేసే రోజుల్లో, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కుటుంబాలన్నీ కలిసి చేయించుకున్నది. ఉగాది ముందొచ్చే కొత్త అమావాస్యకి బయటికి తీసి, డప్పులు కొట్టి, ఊరేగించి, మళ్లీ ఏడాదంతా ఒక ఇంట్లో ఉంచుతారు. ఆ ఇల్లు మొదటినుంచీ సూరన్నదే. దేవుడి గదిలో పసుపుగుడ్డ కప్పి ఉంటుంది. అతను డ్యూటీకి వెళ్లేముందు ఆ గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగుతాడు. దండం కూడా పెట్టడు, ఊరికే చూసి వెళతాడు, ఇంట్లో పెద్దవాళ్లకి 'ఎల్లొస్తాను' అన్నట్టు.

మొన్న వేసవిలో రెండు వీధుల అవతల ఏదో గుడిలో దొంగలు పడి గంట పోయింది. గంట పోయిన గుడివాళ్లు కొత్త గంట కొనుక్కుని ఊరుకున్నారు. గంట పోని తెలుగు సంఘంవాళ్లు మాత్రం మీటింగ్ పెట్టారు.

అధ్యక్షుడు రఘురాం, రిటైరైన ఫోర్‌మన్. ఆయన గొంతు సవరించుకుని, "సూరన్నా, నీ తలుపుకి ఒక్క గెడే ఉంది. అమ్మకేటైనా అయితే ఎవులు జవాబు?" అన్నాడు.

అప్పుడు లేచాడు కృష్ణచైతన్య. న్యూ టౌన్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, పద్నాలుగో అంతస్తులో ఫ్లాటు. సంఘంలోకి వచ్చి ఏడాది కాలేదు గానీ మంచివాడు, అందరికీ ఫోన్లు బాగుచేసి పెడతాడు. "మా కాంప్లెక్స్‌లో గేటు దగ్గర గార్డులు, ప్రతి అంతస్తులో కెమెరాలు ఉన్నాయండీ. అమ్మవారిని మా ఇంట్లో ఉంచుకోవడం మా అదృష్టం," అన్నాడు.

సూరన్న పక్కనే కూర్చున్న ఢిల్లీశ్వరరావు, అదే సెక్షన్లో పనిచేసే పాత నేస్తం, మోచేత్తో పొడిచాడు. "ఒరే సూరీ, అమ్మ లిఫ్టెక్కీసింది చూసుకో."

సూరన్న లేచాడు. "కెమేరాలే కదా కావాల? నా ఇంట్లో నానే బిగిస్తాను. వొచ్చి సూసుకోండి. సూసినాక మాట్లాడండి."

రఘురాం సరేనన్నాడు. చూసుకోవడానికి రోజు కూడా ఆయనే చెప్పాడు. "విశ్వకర్మ పూజకి అందరం వర్క్‌షాపుకి ఎలాగూ వొస్తాం. ప్రసాదం అయినాక అట్నించి అటే సూరన్న ఇంటికి." అందరికీ వీలైన రోజు. అందరూ తలలూపారు. ఆ రోజుకీ ఈ పనికీ పొత్తు కుదరదని అక్కడున్న ఒక్కరికీ తట్టలేదు. సూరన్నకి అసలే తట్టలేదు. అతని బుర్ర అప్పటికే వైర్లు లాగుతోంది.

కెమెరా ఎవడైనా బిగిస్తాడు, దాని వెనక కరెంటు సంగతేంటి అన్నది సూరన్న పట్టు. ఇంటి పాత వైరింగ్ మీద కెమెరాలు పెడితే రామమ్మ మిక్సీ వేసినప్పుడల్లా అమ్మవారికి చీకటే. అందుకని మీటరు దగ్గర్నుంచే కెమెరాలకి వేరే లైను లాగాడు. దానికి వేరే బోర్డు, వేరే బ్రేకరు. కాల్‌బైశాఖి గాలివానలో పిడుగు పడినా మిషన్లు కాలిపోకుండా పెరట్లో గొయ్యి తవ్వి, బొగ్గూ ఉప్పూ పోసి, కొత్త ఎర్తింగ్ దింపాడు. కరెంటు పోతే అందుకోవడానికి బ్యాటరీ. రైలు పెట్టె కింద ఎలా వేలాడుతుందో అలాగే, హాల్లో బల్ల కింద ఇనప పెట్టెలో బిగించాడు. ప్రతి వైరుకీ రైల్వే వాళ్ల పసుపు పెయింటుతో నంబరు వేశాడు. హాల్లోకి వచ్చినవాళ్లకి టికెట్ అడుగుతారేమో అనిపించేది.

ఎర్తింగ్ గొయ్యి ఎండిపోకుండా రోజూ చెంబుడు నీళ్లు పొయ్యాలి. ఆ పని రామమ్మకి అప్పజెప్పాడు. "తులసికి పోసినాక దీనికీ పొయ్యి."

"ఇది పూస్తాదేటి, కాస్తాదేటి?"

"పిడుగుని మింగుతాది."

"అయితే వంటగది స్విచ్చి కాడ కూడా ఒకటి తవ్వు మావా."

ఆ మాట అతనికి వినిపించలేదు. నిచ్చెన మీద ఉన్నాడు.

భాద్రపదం ఉక్కలో ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. ఫ్యాన్లు ఆగాయి, ఫ్రిజ్ ఆగింది. కెమెరాలు మాత్రం పచ్చ దీపాలు వెలిగించుకుని హాయిగా చూస్తున్నాయి. రామమ్మ చెమటలు కారుతూ బల్ల కింద బ్యాటరీ వైపు చూసింది.

"ఒక్క ఫ్యాను తగిలించవా దానికి?"

"ఓలి రామీ, ఇది ముఖ్యమైన లోడు. ఫ్యాను ముఖ్యమైంది కాదు."

"నానేటి మరి?"

ఆవిడ విసనకర్ర తీసుకుని వెళ్లి కెమెరా ఎదురుగా కూర్చుంది. "సూడవే అమ్మా, బాగా సూడు. దొంగెలాగూ రాడు. నా సెమటైనా రికార్డు సెయ్యి."

అయితే పనికి లోటు లేదు. గెడ తీస్తే మోగే అలారం కూడా పెట్టాడు. అది మొదటి సాయంత్రమే మోగింది. దీపాలవేళ లక్ష్మి లోపలికి రావాలని రామమ్మ వీధి తలుపు బార్లా తీసింది మరి. ఆ సంగతి తేలేసరికి వీధి సగం గుమ్మంలో ఉంది. దాంతో దీపాలవేళ అలారం పలక్కుండా ఇంకో స్విచ్ పెట్టాడు. దొంగకి కూడా ఆ వేళ తెలిసే అవకాశం ఉందని రామమ్మ అంటే, దొంగలు లక్ష్మికి ఎదురు రారని తేల్చేశాడు.

విశ్వకర్మ పూజ వచ్చింది. సూరన్న పొద్దున్నే తలంటుకుని స్క్రూడ్రైవర్లూ టెస్టరూ ప్లయర్లూ గుడ్డ మీద పరిచాడు. ఒక్కోదానికీ పసుపు రాశాడు. ఆ రోజు పనిముట్టుకి విశ్రాంతి. వర్క్‌షాపులో లేతులూ మోటార్లూ అన్నీ ఆపి, పూలదండలు వేస్తారు, ఎవరూ స్విచ్ ముట్టుకోరు. ముట్టుకున్నవాడికి ఏడాది తిరక్కుండా చెయ్యి తెగుతుందని చిన్నప్పుడు తండ్రి చెప్పాడు. రామమ్మ మిక్సీ కూడా ఆ రోజు పూజలోనే. చట్నీ రోట్లో రుబ్బుకోవాలి.

టెస్టరుకి పసుపు రాస్తూ రాస్తూ అతని చెయ్యి ఆగింది. తలెత్తి గోడ మీద కెమెరా బోర్డు వైపు చూశాడు.

"రామీ, అది పనిముట్టేనంటావా?"

రామమ్మ వంటింట్లోంచి వచ్చింది. అతని మొహం చూస్తే సంగతి అర్థమైంది. "మావా, ఇయ్యాలే కదా ఆళ్లు సూడ్డానికొస్తారు! ఆపీసినావంటే అమ్మ న్యూ టౌన్ ఎల్లిపోద్ది. ఈ ఒక్క రోజుకీ ఉంచీ."

"కాపలా కాస్తాది. పని సేస్తాది. మరి పనిముట్టే కదా."

"ఫ్యాను మాత్రం పనిముట్టు కాదేటి?"

"అది సుకం."

"నాకు ఆ సుకం కూడా లేకుండా సేసినావు కదా!"

సూరన్న దేవుడి గది గుమ్మం దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. ఈసారి ఒక్క క్షణం కాదు. పసుపుగుడ్డ కింద నుంచి వెండి గడ్డం కొంచెం కనపడుతోంది. రేపటినుంచి ఈ గదిలో ఏం పెట్టుకోవాలి? బియ్యం బస్తాలా? తిరిగొచ్చాడు. బోర్డు తలుపు తీసి బ్రేకరు కిందికి దించాడు. బ్యాటరీ కూడా విప్పేశాడు. పచ్చ దీపాలు ఆరిపోయాయి.

"ఎల్తే ఎల్లనీ," అన్నాడు. "నా బాబు ఆపేవోడు. నానూ ఆపుతాను."

రామమ్మ నూనెలో కుంకం కలిపి తెచ్చింది. నిచ్చెనెక్కి కెమెరాలన్నిటికీ, గుండ్రంగా మెరుస్తున్న ఆ కంటి మధ్యలోనే, రూపాయంత బొట్టు పెట్టింది. బోర్డుకి బంతిపూల దండ వేసింది.

మధ్యాహ్నం సంఘం పెద్దలు వచ్చారు. వీధంతా డాబాల మీద పండగ గాలిపటాలు, పటం తెగినప్పుడల్లా 'భో కట్టా' కేకలు. లోపల ఆరిన కెమెరాలు బొట్లు పెట్టుకుని పేరంటానికి వచ్చినట్టు వరసగా ఉన్నాయి. కెమెరాల బొమ్మ చూపించే టీవీ నల్లగా ఉంది. సూరన్న తల దించుకుని నిలబడ్డాడు.

కృష్ణచైతన్యకే జాలేసింది. నిజంగానే సాయం చేద్దామనుకున్నాడు. "అంకుల్, మెయిన్ పడిపోయినట్టుంది, అంతే. నేను వేస్తాను ఉండండి," అంటూ పూలదండ పక్కకి జరిపి బ్రేకరు మీద వేలు పెట్టబోయాడు.

"ఆగు!"

ఒక్కసారే అరిచారు, అందరు పెద్దలూ. రఘురాం కేకకి పక్క డాబా మీద గాలిపటం ఎగరేసేవాళ్లు కూడా తొంగి చూశారు. ఢిల్లీశ్వరరావు ఒక్క అంగలో వెళ్లి ఆ అబ్బాయి చెయ్యి పట్టేసుకున్నాడు.

"ఏమైందండీ? షాక్ కొడుతుందా?"

"ఇయ్యాల విశ్వకర్మ పూజ బాబూ," అన్నాడు రఘురాం. ఆయన ఇంకా రొప్పుతున్నాడు. కాసేపటికి ఏదో అనుమానం వచ్చినట్టు అడిగాడు. "మరి మీ కాంప్లెక్సులో కెమేరాలు ఇయ్యాల ఏటి సేస్తన్నాయి?"

"పనిచేస్తున్నాయి సార్. ఇరవై నాలుగు గంటలూ."

"ఇయ్యాల కూడానా?"

"ఇవాళ కూడా."

పెద్దలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

"అయ్యో పాపం," అన్నాడు ఢిల్లీశ్వరరావు, ఆ కెమెరాలని తలుచుకుని.

ఇక ఓటూ లేదు, చర్చా లేదు. రఘురాం కుర్చీలో కూర్చుని, ఆగి ఉన్న బోర్డునీ, పసుపు నంబర్లనీ, బల్ల కింద బ్యాటరీ పెట్టెనీ తృప్తిగా చూశాడు. "బందోబస్తు బ్రమ్మాండంగా ఉంది సూరన్నా. అమ్మ ఇక్కడే ఉంటాది." నడుస్తుండగా ఎవరూ చూడని బందోబస్తు అలా పరీక్ష పాసయింది. రామమ్మ పులిహోర, రోటి చట్నీ వడ్డించింది. కృష్ణచైతన్య రెండోసారి పెట్టించుకుని, కెమెరాల మీది నంబర్లు ఫోన్లోకి ఎక్కించుకుని, మర్నాడు లైను రాగానే తనకీ కనపడేలా పెట్టుకుని వెళ్లాడు. మంచివాడే.

మర్నాడు పొద్దున్న సూరన్న బ్రేకరు పైకెత్తాడు. పచ్చ దీపాలు వెలిగాయి. టీవీలో వీధి గుమ్మం, పెరడు, దేవుడి గది అన్నీ వచ్చాయి. కానీ దేని మధ్యలో చూసినా ఎర్రటి ముద్దే, అంచుల్లో మాత్రం కాస్త గోడ.

"తుడిచీ మావా," అంది రామమ్మ.

"బొట్టు తుడుస్తామేటే, ఇంట్లో అమ్మని పెట్టుకుని?"

ఆవిడా ఆలోచించింది. పెట్టిన చేత్తో తుడవడానికి ఆవిడకీ మనసొప్పలేదు. అంతలో ఫోను మోగింది. కృష్ణచైతన్య.

"అంకుల్, మీ కెమెరాల్లో ఏదో ఎర్రగా వస్తోంది. ఏమైనా ప్రాబ్లమా?"

"ఏటీ లేదు బాబూ," అన్నాడు సూరన్న, డ్యూటీకి చెప్పులేసుకుంటూ. "లైను బాగుంది. అమ్మ సూస్తంది."

ఫోను పెట్టేసి దేవుడి గది గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగి, వెళ్లాడు. రామమ్మ మేకు మీద గరిటె తీసి వంటగది లైటు వేసుకుంది.