మరకెళ్ళిన విత్తనాలు

మా అమ్మమ్మకు కోపం రావడం అంటూ ఉండదు. ఉన్న కోపమే కాసేపు పడుకుని లేస్తుంది. పొయ్యి అంటుకోకపోతే పొయ్యిని తిడుతుంది, అంటుకుంటే మరీ మండుతోందని తిడుతుంది. ఆవిడ తిట్టకుండా వదిలేసేది లోకంలో ఒక్కదాన్నే, తన శనగ చేనును. పొద్దున్నే ఆ చేలో నడిస్తే ఆకుల మీది పులుపు కాళ్ళకు అంటి దురద పెడుతుంది. ఆ దురదను కూడా ఏమీ అనదు.

ఆవిడ శనగ చిన్న గింజ. ముదురు రంగు, ముట్టుకుంటే గరుకు. బజారు శనగల పక్కన పెడితే ఎండిన పురుగులా ఉంటుంది. కానీ ఒక ఏడు ఎవరో చెప్పారని బజారు విత్తనం వేస్తే, చేనంతా పూతకు రాకముందే తెగులుతో నిలువునా ఎండిపోయింది. అమ్మమ్మ విత్తనం ఎన్నడూ మోసం చేయలేదు. గింజ మనుషులకు, పొట్టు ఆవుకు, నూర్చగా మిగిలిన కట్టె మేకలకు. మాంసం కొనే తాహతు లేని ఇంట్లో మా అమ్మా మామయ్యలూ ఆ శనగలు తినే ఎముక పట్టారు. నేను మాంసకృత్తుల పాఠం దాకా వచ్చి బడి మానేశాను. ఆ ఒక్క పాఠం మాత్రం బాగానే ఎక్కింది.

ఆ విత్తనం అమ్మమ్మకు వాళ్ళమ్మ ఇచ్చింది. ఒక కరువు ఏడు పిల్లలు ఆకలికి ఏడుస్తున్నా ఆ తల్లి విత్తనాల కుండను ఒళ్ళో పెట్టుకుని కూర్చుందట తప్ప మూత తీయలేదట. అందుకే అమ్మమ్మ కూడా ఏటా విత్తనాన్ని బూడిదలో కలిపి, కుండ మూతిని మట్టితో మెత్తి, అటక మీద దాచేది. తినే శనగలు వేరే డబ్బాలో ఉండేవి.

ఆ డబ్బా దగ్గరే మా తాత కొంప ముంచాడు. జేబు నిండా శనగలు పోసుకుని టీ కొట్టుకు వెళ్ళి, అందరికీ పంచి, మహాదాతలా కూర్చోవడం ఆయన అలవాటు. అలా డబ్బా అడుగు కనబడింది. ఇంతలో అమ్మమ్మ, "నేను వచ్చేలోపు డబ్బాలోవి మరకు తీసుకెళ్ళి పప్పు చేయించండి" అని చెప్పి మా ఇంటికి వచ్చింది. ఖాళీ డబ్బా చూపిస్తే తన గతేమిటో తాతకు తెలుసు. అటకెక్కి కుండ దించాడు. బూడిద కడిగి, ఎండబెట్టి, మరకు మోశాడు. విత్తే వేళకు బజారులో కొని కుండ నింపేస్తే సరి అనుకున్నాడు.

"ఇవి విత్తనాలు కావు కదా పెద్దాయనా?" అని మరవాడు అడిగాడట.

"మా ఇంటి సంగతి నాకంటే నీకెక్కువ తెలుసా?" అన్నాడట మా తాత.

ఆ ఏడు వానలు ముందే ఆగిపోయాయి. అమ్మమ్మ నన్ను వెంటబెట్టుకుని ఇంటికి వచ్చి, వస్తూనే అటక మీది కుండ దించింది. కుండ తేలిగ్గా వచ్చింది.

"ఇందులోవి ఏవి?"

"పప్పు చేయించాను కదే. ఎంత పచ్చగా వచ్చిందో చూడు."

ఆవిడ గుప్పెడు పప్పు తీసి ఆయన అరచేతిలో పోసింది. "మొలిపించండి."

"ఏంటి?"

"రెండు ముక్కలు చేసి తెచ్చారుగా. అతికించి మొలిపించండి. చూసి పోతాను."

"బజారులో మంచి విత్తనం..."

"ఆ మాట ఇంకోసారి అంటే మిమ్మల్ని మరలో వేయిస్తాను."

శనగ బతికేది వాన మీద కాదు, వాన పోయాక నేలలో మిగిలిన తడి మీద. ఆ తడి రోజురోజుకీ దిగిపోతోంది. అది పోతే చేను బీడు, వాళ్ళమ్మ విత్తనం అంతటితో సరి. ఆ విత్తనం ఇంకా ఉన్నది ఒకే ఒక ఇంట్లో. ఆ ఇల్లు అమ్మమ్మ చెల్లెలిది. చెల్లెలికి పెళ్ళయిన కొత్తలో అమ్మమ్మే ఇచ్చింది. ఇచ్చిన కొన్నేళ్ళకు, చేను చూడటానికి వచ్చిన వ్యవసాయాధికారితో చెల్లెలు "ఇది మా అత్తగారి విత్తనమండీ" అంది. పక్కనే ఉన్న అమ్మమ్మ అందరి ముందూ "దొంగదానా" అని వచ్చేసింది. అప్పటినుంచీ మాటల్లేవు.

మేం ముగ్గురం వెళ్ళాం. తాత ముందు, అమ్మమ్మ వెనక, తమాషా చూడటానికి నేను.

"రండి బావా, కూర్చోండి" అంది చిన్నమ్మమ్మ. "వెంట ఇంకెవరో వచ్చినట్టున్నారు."

అమ్మమ్మ గుమ్మం దాటలేదు. "విత్తనం కోసం వచ్చామని చెప్పండి" అంది తాతతో.

"ఏ విత్తనమో అడగండి బావా."

"మా అమ్మ విత్తనమని చెప్పండి."

"మా ఇంట్లో ఉన్నది మా అత్తగారి విత్తనం. అలాగని అడిగితే ఇస్తానని చెప్పండి."

"ఇద్దరికీ చెవులు బాగానే ఉన్నాయి కదమ్మా" అన్నాడు తాత.

"మీరు మాట్లాడకండి" అంది అమ్మమ్మ.

"అవును బావా, మీరు మాట్లాడకండి."

అమ్మమ్మ "చేను బీడు పడితే పడనీ. పదండి" అని మెట్టు దిగింది. దిగినది మళ్ళీ ఎక్కి, చెల్లెలి మొహంలోకే చూసింది.

"ఆకలికి ఏడుస్తూ కుండ లాగినదానివి నువ్వే. నీ చెయ్యి మీద కొట్టి దాచింది అమ్మ. ఆ గింజకు ఇంకొకరి పేరు పెట్టడానికి నీకు నోరెలా వచ్చిందే?"

"పెట్టకపోతే ఏమయ్యేదో తెలుసా? పుట్టింటి గింజ తన చేలో పడకూడదని మొదటి ఏడే మా అత్త సగం మేకలకు పోసింది. అవి తింటుంటే నిలబడి చూశాను. మరుసటి ఏడు మిగిలిన సగం పట్టుకెళ్ళి, మీ పాత విత్తనమే అత్తా, అటక మీద దొరికిందన్నాను. అప్పుడు చల్లనిచ్చింది. మా వంశం విత్తనమని ఊరంతా చెప్పుకుంది. చెప్పుకోనీ, గింజ బతికింది కదా అనుకున్నాను."

"ఆ ముక్క నాకు చెప్పి ఏడవచ్చుగా."

"నువ్వు విన్నావా? దొంగ అన్నావు. ఆ నోటితోనే అత్త విత్తనం ఇమ్మని అడిగించాలని పంతం పట్టాను."

అమ్మమ్మ కోపం ఎటు పోవాలో తెలియక కాసేపు తచ్చాడింది. "మేకలకు పోసిందా?" అంది చివరికి.

"గంపెడు."

ఇక చూడాలి. ఆ అత్తగారు పోయి ఎన్నేళ్ళయిందో, ఎదురు చెప్పే వీలు లేదు కదా పాపం. అక్కాచెల్లెళ్ళు ఆవిడను ఎత్తుకుని, దారి పొడవునా దించకుండా తిట్టుకుంటూ చేనికి వచ్చారు. విత్తనాల సంచి చిన్నమ్మమ్మ ఎవరికీ ఇవ్వలేదు. తాత నాగలి తోలితే, వెనకే సాలులో తనే గింజలు వదిలింది. అమ్మమ్మ కాలితో మట్టి కప్పుకుంటూ, ఒత్తుగా పడుతున్నాయని చెల్లెలినీ, సాలు వంకర పోతోందని తాతనూ తిట్టింది.

చేను ముగిసేసరికి సంచిలో కొన్ని మిగిలాయి. అమ్మమ్మ చెయ్యి చాపింది.

చిన్నమ్మమ్మ సంచిని చంకలో పెట్టుకుంది. "ఇవి నా దగ్గరే ఉంటాయి. ఈ మనిషి ఉన్న ఇంట్లో విత్తనం ఎలా దాస్తావే?"

అమ్మమ్మ తాత వైపు తిరిగింది. తాత అప్పటికే ఎద్దులను విప్పుకుని రోడ్డెక్కేశాడు.