సౌండు పెంచే మనిషి

సెల్లార్‌లో తెల్లారేదాకా ఎలక్ట్రానిక్ మ్యూజిక్ మోగే ఆ హాలుకి, సౌండు చూసే మనిషి సాయంత్రమే వస్తాడు. రెండు మైనపు ఉండలు వేళ్ల మధ్య మెత్తగా నలిపి చెవుల్లో పెట్టుకున్నాకే మిషన్ల మీద చెయ్యి వేస్తాడు. రెండేళ్లుగా జనం పలచబడ్డారు. సగం ఖాళీ హాలు నిండినట్టు అనిపించాలంటే సౌండు పెంచాలని కనిపెట్టింది అతనే. పెద్ద స్పీకరును మెట్ల దగ్గరికి జరిపించిందీ అతనే. దాని పక్కనే, వచ్చినవాళ్ల కోట్లూ సంచులూ తీసుకుని చీటీలిచ్చే అక్క కుర్చీ ఉంటుంది.

ఇవాళ అతను ఇంకా మైనం నలుపుతుండగానే అక్క ఫోను పక్కన పడేసి విసుక్కుంది. "ఏంటో తమ్ముడూ, ఈమధ్య లోకమంతా గొణుగుడే. మా మనవరాలైతే నోట్లో నీళ్లు పోసుకున్నట్టు మాట్లాడుతుంది. నువ్వొక్కడివే నయం, నీ మాట ఖంగుమంటుంది." ఏడాదిగా ఆమెతో ఏం చెప్పాలన్నా అతను వంగి, గొంతు పెంచి చెబుతున్నాడు. ఎందుకో అతనికి తెలుసు.

"చెవులు చూపించుకో అక్కా. ఇదంతా నావల్లే," అన్నాడు, తనకే సరిగ్గా వినబడనంత మెల్లగా.

"ఆఁ? ఏంటన్నావ్?"

"చలిగా ఉందంటున్నానక్కా!" అని అరిచాడు.

ఆమె వెంటనే లేచి, తన శాలువా తీసి అతని భుజాల మీద కప్పింది.