దారం కట్టిన టైటానియం

ఆ రోజుల్ల నాకు ధైర్యం ఎక్కువ, తెలివి తక్కువ. (ఇప్పుడు ధైర్యం గూడ తగ్గింది.) చొప్పదండి నుంచి రోజూ బస్సెక్కి కరీంనగర్‌ల ఒక కాలేజీ ల్యాబుకు పోయేదాన్ని. కొలువు మూడు నెలలకే. పని నచ్చితె ఉంచుతరు, లేకుంటె ఇంటికే. ఇంజన్ల వేడికి తట్టుకునే టైటానియం కడ్డీలు మా పని. కడ్డీ ఎంత బిర్రుగ, అంటె వంగకుంట గట్టిగ, ఉందో చూసి, తెగకుంట ఎంత బలం మోస్తదో ముందే చెప్పచ్చు అన్నది మా పెద్దసారు పట్టిన పట్టు.

ఐదు రకాల కడ్డీలు, చూస్తె అన్నీ ఒక్కతీరే. గుర్తులు పెట్టి కరెంటు కొలిమిల పెట్టుమన్నడు సారు. మాదేమో బట్ట నేసే సాంచాలు నడిపే ఇల్లు. మా బాపు నూలు కట్టలకు గుర్తుకు రంగు దారాలు కడ్తడు, నేనూ గదే చేసిన. ఒకదానికి ఎర్రది, ఒకదానికి నీలిది, ముడి మీద ముడి ఏసి కొలిమిల పెట్టి, నా పనితనానికి నేనే మురుసుకుంట చాయ్ తాగొచ్చిన.

తెల్లారి కొలిమి తెరిస్తె కడ్డీలున్నయి, దారాలు లేవు. (నూలు కాలదా అని అడగకుండ్రి, మా అవ్వ అడగనే అడిగింది.) ఏది ఏదో తెల్వకపోతె నెల రోజుల పని మన్నుల కలుస్తది, నా కొలువు గూడ. చెప్పిన. సారు తిట్టలే, కుర్చీల కూలవడ్డడు. గదే ఎక్కువ భయమైంది.

కొలిమిల పెట్టకముందే కడ్డీలను కొట్టి, మోతను మిషన్‌తోని కొలిచి రాసుకున్నం; ఎంత బిర్రుదైతె అంత సన్నగ మోగుతది. కాని గా మిషన్ మరమ్మతుకు పోయింది. అప్పుడు బాపు యాదికొచ్చిండు. ఎనిమిది సాంచాలు నడుస్తుంటె అన్నం తినుకుంటనే "మూడోదాన్ల పోగు తెగింది" అంటడు, చెవితోనే. "జర ఆగుండ్రి సార్" అని కడ్డీలను దారంతోనే (మళ్ల దారమే) ఏలాడదీసి, చెంచతోని కొట్టుకుంట, కండ్లు మూసుకోని ఇన్న. లావు మోత నుంచి సన్న మోత దాక వరుసగ పేర్చి, ముందు రాసుకున్న లెక్కతోని జత కలిపిన.

వారానికి మిషనొచ్చింది. ఐదూ సరిగ్గనే ఉన్నయి. తర్వాత గుంజి చూస్తె నాలుగు కడ్డీలు సారు చెప్పినట్టే, ఎంత బిర్రుంటె అంత బలం చూపినయి. అన్నిట్ల సన్నగ మోగిన ఐదోది మాత్రం అన్నిటికన్న ముందు తెగింది.

సారు నవ్విండు. "నాలుగు మన మాటిన్నయి బిడ్డా. గీ ఐదోది ఎందుకు ఇనలేదో నువ్వే చూడాలె. రెండేండ్లు పడ్తది, ఉంటవా?"

ఉన్న, ఇంకా ఉన్న. ఇప్పుడు కడ్డీల మీద అంకెలు చెక్కుతున్న. ఐదోదాని సంగతి సగమే తెల్సింది. బాపు ఫోన్ల "మాటిన్నదా గది?" అంటడు. "ఇంటుంది బాపు, జరజర" అంట. దారాలు కట్టిన గప్పటి పిల్ల మీద నాకిప్పటికీ కోపం రాదు. దారాలు కాలకుంటె, నేను చెవి పెట్టేదాన్నే కాదు.