వాసనొచ్చిందని చెప్పాను

ఆరేళ్లుగా రెండు అబద్ధాలు మోస్తున్నాను. మీరు నన్నెరగరు గనుక మీకు చెబుతున్నాను. వాటి వల్ల మా అక్క మొగుడు, ఏ తప్పూ ఎరగని మనిషి, తనను తానే దోషి అనుకుని బతుకుతున్నాడు.

అప్పుడు నేను కాలేజీ డిబేట్లలో పేరున్నదాన్ని, బావ నన్ను లాయరమ్మా అని పిలిచేవాడు. వేదిక ఎక్కేముందు గుండెదడ ఆగేది కాదు. తిరువళ్ళూరు డాక్టరు ఆందోళన తగ్గే మాత్రలు రాసి, సగమే వేసుకోమన్నాడు. ఇంకెవరికీ ఇవ్వవద్దని రెండుసార్లు చెప్పాడు. మందులషాపులో అట్టను కత్తిరించి నాలుగు మాత్రలిచ్చారు. మందు పేరున్న ముక్క అక్కడే మిగిలింది.

ఆడికృత్తిక పండగకు తిరుత్తణి కొండ గుడిలో కావడి ఎత్తుతానని బావ మాల వేసుకున్నాడు. ఒకప్పుడు తాగేవాడు, మాల వేసుకున్నాక ముట్టలేదు. ఫ్యాక్టరీలో షిఫ్టులు మారి నిద్రపట్టడం లేదంటే రెండు మాత్రలు ఇచ్చాను. డాక్టరు మాట మరిచిపోయానా? లేదు. నాకూ తెలుసన్న గర్వం.

ఇచ్చిన సాయంత్రమే రెండూ ఒకేసారి మింగాడు. కాసేపటికి మాట ముద్దయింది. ఉన్నట్టుండి లేచి కావడికొయ్యను గోడకేసి బాదాడు. అడ్డుపడిన అక్కను అదే కొయ్యతో కొట్టాడు. ఆమె ముంజేతి ఎముక విరిగిన చప్పుడు నాకు వినబడింది. మా నాన్న, చిన్నాన్న అతన్ని మణవాళనగర్‌లో మా ఇంటిముందు వీధిలోకి ఈడ్చి, మాల తెంచి, బెల్టుతో బాదారు. మొహం మీద తన్నారు. పెదవి చీలి, పన్ను ఊడి నేలమీద పడింది. నేను గుమ్మంలో నిలబడి చూశాను.

మర్నాడు పొద్దున ఇంట్లోనే విచారణ.

“మాల మింద ఒట్టు మామా, నేను తాగలా.”

“మాల యాడుందిరా? మెడ తడుముకో!” అన్నాడు నాన్న.

బావ జేబులోంచి ఖాళీ అట్టముక్క తీశాడు. “లాయరమ్మా, నువ్వే చెప్పు. నువ్విచ్చిన మాత్రలే గదా ఏస్కునింది?”

“అది తలనొప్పి మాత్ర బావా. దానికి ఎవురైనా పెండ్లాం చెయ్యి ఇరగ్గొడతారా? కొట్టింది గురుతుందా నీకు?”

“లేదు మ్మే. ఏమీ గురుతులేదు.”

“గురుతులేనోడివి, తాగలేదని మాత్రం ఎట్ల చెప్తావు? దగ్గిరికొస్తే వాసనొచ్చింది.”

బావ నన్నే చూశాడు. తరువాత తల దించుకున్నాడు. “అట్లయితే తాగుంటాను.”

ఎన్నో పోటీలు గెలిచాను గాని, నిజం పలికే మనిషి చేత అతని నిజాన్నే అనుమానింపజేసిన గెలుపు అదొక్కటే. నేనెందుకలా చేశాను? అక్క చేతికి కారణం నేనని తెలిస్తే ఆ బెల్టు నా వైపు తిరుగుతుందన్న భయమా? లేక వాదంలో ఓడడం అసలు చేతగాకపోవడమా? రెండూ కావచ్చు.

తరువాత డాక్టరును అడిగాను, ఎవరి సంగతో అన్నట్టు. కొందరిలో ఆ మందు నెమ్మదింపజేయక తిరగబడుతుందని, ఆ గంటలు జ్ఞాపకం ఉండకపోవచ్చని చెప్పాడు.

బావ మళ్లీ మాల వేసుకోలేదు. ఏటా తిరుత్తణి మెట్లదాకా వస్తాడు. పైకి రాడు. “మాల్లో తాగినోణ్ణి, నేనొద్దులే” అని చెప్పుల దగ్గర కూర్చుంటాడు.

క్షమించమని ఎవరినీ అడగడం లేదు. అతని ముందు నోరు విప్పగలనో లేదో కూడా తెలియదు. ఇన్నేళ్లూ ఎక్కడా రాయలేని మాట ఒకటుంది. ఇక్కడ రాస్తున్నాను.

ఆ రోజు మా బావ తాగలేదు.