పిన్నిని బండి దిగమన్నాను

నాకు రాయడం అలవాటు లేదండి. ఐదో తరగతితో బడి మానేశాను. ఒత్తులు, దీర్ఘాలు ఎక్కడ పడాలో అక్కడ పడవు. ఈ కాగితం మూడుసార్లు చింపి మళ్ళీ రాస్తున్నాను. ఏమనుకోకుండా చదవండి.

మాది నందిగామ దగ్గర పల్లె. నాకో పాత పికప్ బండి ఉంది. వానాకాలంలో కలుపు తీసే ఆడకూలీలని చెవిటికల్లు వైపు చేలకి తీసుకెళ్ళి, సాయంత్రం తీసుకొస్తాను. మా పిన్ని కూడా వాళ్ళతో వచ్చేది. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆవిడే. ఎప్పుడూ బండిలో వెనక తలుపు దగ్గరే కూర్చునేది. గాలి బాగా తగులుతుందనేది.

పోయిన వానాకాలం ఒకరోజు మధ్యాహ్నం పత్తి చేలో పిన్నిని పాము కరిచింది. రక్తపింజరి. ఆడవాళ్ళు మోసుకొచ్చి బండిలో పడుకోబెట్టి, పదకొండు మందీ ఎక్కారు. పొద్దున వాన పడింది. దారంతా నల్లరేగడి. తారు రోడ్డు కళ్ళకి కనపడుతోంది, అంత దగ్గర. అక్కడ వెనక చక్రాలు జారాయి. బండి దిగబడలేదు. ఉన్నచోటే చక్రాలు తిరుగుతున్నాయి, అంతే.

"దిగండే, దిగండి! బండికి బరువైపోయింది" అని ఒక ముసలామె అరిచింది.

మా వైపు ఎడ్లబండి బురదలో ఆగితే ముందు మనుషులు దిగుతారు. ఎడ్లు లాగలేవని. చిన్నప్పటి నుంచి అందరం చేసిందే. ఆడవాళ్ళు గబగబా దూకి వెనక నుంచి తోశారు. బురద వాళ్ళ మొహాల మీద కొట్టింది. "యేసయ్యా, యేసయ్యా" అంటూనే తోశారు. బండి కదల్లేదు.

ఇక బండిలో పిన్ని ఒక్కతే. నేనే వెనక్కి వెళ్ళి అడిగాను.

"పిన్నీ, కాస్త దిగుతావా? ఖాళీ అయితే లేసుద్దేమో."

"దిగుతాలేరా. దానికేముంది. నువ్వు కంగారు పడబాక."

వాచిన కాలు బురదలో పెట్టి, నా భుజం పట్టుకుని దిగింది. నడిచి వెళ్ళి గట్టు మీద కూర్చుంది. నేను యాక్సిలరేటర్ గట్టిగా తొక్కాను. చక్రాలు గిరగిరా తిరిగి ఇరుసు దాకా కూరుకుపోయాయి. ఇద్దరు ఆడవాళ్ళు ట్రాక్టర్ కోసం పరిగెత్తారు. అది వచ్చేసరికి పిన్ని చిగుళ్ళ నుంచి రక్తం వస్తోంది. ఆసుపత్రిలో డాక్టరు ఎప్పుడు కరిచిందని అడిగాడు. చెప్పాను. గడియారం వంక చూశాడు. మూడో రోజు పిన్ని పోయింది.

తప్పు బండిదే అనుకున్నాను. నాలుగు చక్రాలూ లాగే బండయితే పిన్ని బతికేదని. జగ్గయ్యపేటలో అలాంటి పాత పికప్ అమ్ముతున్నారంటే, తెలిసిన మెకానిక్ మామని తీసుకుని వెళ్ళాను. ఆయన కింద దూరి చూసి లేచాడు.

"ముందు చక్రాలకి పోయే షాఫ్టు ఏదండీ?"

"రోడ్డు మీద తిప్పేదానికి ఎందుకులే అని తీసేయించా అండి" అన్నాడు అమ్మేవాడు.

"మరి ఫోర్ వీల్ అని చెప్పారు? గేరు పక్కన ఈ రెండో లివర్ ఎందుకు, వీపు గోక్కోడానికా?"

బయటికొచ్చి టీ తాగుతుంటే మామ అడిగాడు, ఫోర్ వీలే కావాలని ఎందుకంత పట్టు పట్టావురా అని. జరిగింది చెప్పాను. విన్నాడు.

"అందర్నీ దింపావా?"

"దింపాను మామా."

"ఎందుకు దింపావురా! అదేమన్నా ఎడ్లబండా? లాగేవి వెనక చక్రాలు. వాటి మీద బరువుంటేనే నేలని పట్టుకుంటాయి. ఆ పదకొండు మందినీ వెనక తలుపు దగ్గరికి జరిపి, టైర్లలో కాస్త గాలి తీసి, రెండో గేరులో మెల్లగా పోనిస్తే..." అక్కడ ఆపేశాడు. నా మొహం చూసి ఉంటాడు. "వచ్చేదో లేదో ఎవడికి తెలుసులే, టీ తాగు" అన్నాడు. నేను తాగలేకపోయాను.

ఆ బండి కొనలేదు. నా బండిలోనే వెనక చక్రాల మీదికి వచ్చేలా నాలుగు ఇసుక బస్తాలు వేసుకున్నాను. ఇప్పుడు బురదలో జారినా వస్తోంది. అయినా చక్రం జారగానే ఆడవాళ్ళు దూకడానికి లేస్తారు. "కూర్చోండి, ఎవరూ దిగొద్దు" అని అరుస్తాను. నా గొంతు వింటే నాకే భయమేస్తుంది.

పిన్ని కూతురు, మా చెల్లి, ఇప్పుడు అదే బండిలో కలుపుకి వస్తోంది. మొన్న అడిగింది.

"అన్నయ్యా, ఈ బస్తాలెందుకు? కాళ్ళు పెట్టుకోను చోటు లేదు."

"జారకుండా."

"అప్పుడు లేవుగా ఇవి."

"లేవు" అన్నాను. బస్తాలు లేకపోయినా పదకొండు మంది మనుషులున్నారని, మీ అమ్మని నేనే దిగమన్నానని చెప్పలేకపోయాను. చెల్లి నాకంటే ఎక్కువ చదివింది. అందుకే ఇది రాశాను. రేపు పొద్దున ఆమె చేతికే ఇస్తాను.

మిగతా వాళ్ళెవరైనా చదివితే, అక్షరాల్లో తప్పుల్ని పెద్ద మనసుతో క్షమించండి. రెండో తప్పుకి మిమ్మల్ని అడగను. అది చెల్లిని అడగాలి.