నాలుగు సంతకాల పేరు

పరువు పోగొట్టుకోవడానికి కొందరికి ఏళ్లు పడుతుంది. నాకు ఒక్క ఏ-ఫోర్ కాగితం సరిపోయింది. దాన్ని నేనే టైపు చేసి, నేనే ప్రింటు తీసి, నేనే బండి మీద మూడూళ్లు తిప్పి, చివరికి చుట్టాలందరి ముందు నేనే గట్టిగా చదివాను. ఇంత స్వయంకృషితో మునిగినవాడు మా జిల్లాలో ఇంకొకడుంటే చెప్పండి, పోయి చేయి కలిపి వస్తాను.

ముందు నా ఉద్యోగం సంగతి చెప్పాలి, రోగం అంటుకున్నది అక్కడే. గడ్డపోతారంలో ఒక మందుల కంపెనీలో కాగితాలు చూసే పని నాది. మందు చేసేది వేరేవాళ్లు. చేశారని కాగితం మీద రుజువు చేసేది మేము. డ్రమ్ముకు లేబుల్ లేకపోతే ఆ డ్రమ్ము లేనట్టే. ఏ కాగితమైనా కింద మూడు గడులుంటాయి: తయారు చేసినవారు, పరిశీలించినవారు, ఆమోదించినవారు. మూడూ నిండితేనే పని జరిగినట్టు. ఎనిమిదేళ్లు ఆ గడుల మధ్య బతికినవాణ్ణి కదా, నా పెళ్లిపత్రిక అచ్చయి వచ్చినప్పుడు కూడా దీని వెర్షన్ నంబరేదని అడిగాను.

అలాంటి నాకు కొడుకు పుట్టాడు. సంగారెడ్డి ఆసుపత్రిలో, తెల్లవారే వేళ. నేను షిఫ్టు దిగి, పటాన్‌చెరు దాటి అక్కడికి చేరేసరికి ఎండ బాగా ఎక్కింది. నా భార్య లావణ్య అలసిపోయి ఉంది, కానీ ముఖం వెలిగిపోతోంది.

"శీనూ, పేరు సంగతి ఒకటి చెప్పాలె నీకు," అంది.

"అందరినడిగి పద్ధతి ప్రకారం చేద్దాం తియ్. ఆగమాగం వద్దు."

"నా మనసుల ఒకటున్నది. జెర ఇనరాదూ."

"ఫారంల సలహాల గడి పెడ్త. అండ్ల రాయి," అన్నాను.

కన్న కొన్ని గంటలకు భార్యతో ఈ మాట అన్నవాడికి ఏ శిక్ష వేయాలో మీరే ఆలోచించండి. ఆమె నా వైపు ఒక చూపు చూసి, పిల్లవాడి వైపు తిరిగి పడుకుంది. సరేనందని అనుకున్నాను.

ఇరవై ఒకటో రోజున హత్నూర దగ్గర లావణ్య పుట్టింట్లో తొట్టెల, అంటే బిడ్డను ఉయ్యాలలో వేసి పేరు పెట్టే వేడుక. ఆ రోజుకు పేరు తేలాలి. కొండాపూర్ అవతల మా ఊరికి పోతే, నాయన మంచం మీద నుంచి లేవకుండానే తీర్పు చెప్పాడు.

"మా నాయిన మల్లయ్య పేరే పెట్టాలె. మొదటి మనవడు. ఇంక అడుగుడేంది?"

హత్నూర పోతే మామ చేయి పట్టుకున్నాడు. "మాకు కొడుకుల్లేరు అల్లుడా. మా ఇంటి దేవుడు నర్సింహస్వామి. ఆయనకు మొక్కితేనే పుట్టిండు పిల్లగాడు. ఆయన పేరు పెట్టకుంటే నేను తొట్టెల కాడ కూసోను."

సంగారెడ్డిలో ఉండే మా అక్క ఫోనులోనే మొదలుపెట్టింది. "తమ్మీ, మల్లయ్య అంటే బడిల పిల్లలు నవ్వుతరు. విహాన్ అని పెట్టు. మేనత్తను, చెవుల చెప్పేది నేను. నాకు నచ్చని పేరు నా నోట్లకెల్లి రాదు."

ఒకరి మాట వింటే ఇద్దరు అలుగుతారు. నేను ఆ రాత్రంతా బుర్ర చించుకోలేదు, పది నిమిషాల్లో తేల్చేశాను. మల్లయ్య నరసింహ విహాన్. పేరు కాదది, మూడు బోగీల బండి. కింద గడులు గీశాను. తయారు చేసినవాడిని నేను. పరిశీలించినది అక్క. ఆమోదం గడిని నిలువునా చీల్చి ఒక సగం నాయనకు, ఒక సగం మామకు ఇచ్చాను. ఇక సలహాల గడి అంటారా, పేజీలో చోటు చాలక తీసేశాను.

అక్క సంగారెడ్డిలో, చివర విహాన్ ఉందో లేదో చూసుకుని పెట్టేసింది. నాయన కళ్లద్దాలు పెట్టుకుని చదివాడు. ఆయన పేరు నర్సింలు.

"మల్లయ్య... నరసింహ... ఇది నా పేరు లెక్కనే ఉన్నది కదరా!"

"మామ పెట్టమన్నడు నాయినా."

"మంచోడురా మీ మామ," అని గడి దాటిపోయేంత పెద్ద సంతకం పెట్టాడు.

మామ మాత్రం మొదటి పేరు మీద వేలు పెట్టాడు. "మల్లయ్య ముందటున్నదేంది అల్లుడా?"

"సీనియారిటీ మామా."

"మా స్వామి కన్న మీ తాత సీనియరా?" అంటూనే పెట్టాడు.

కాగితం మడిచి జేబులో పెట్టుకుంటుంటే లావణ్య పిల్లవాణ్ణి భుజాన వేసుకుని వాకిట్లోకి వచ్చింది.

"అందరివి అయినయా సంతకాలు?"

"అయినయి. నీకొక కాపీ ఇస్త."

"కాపీ," అంది. మళ్లీ ఒకసారి, నెమ్మదిగా, "కాపీ," అని లోపలికి పోయింది.

తొట్టెల రోజు రానే వచ్చింది. మామ ఇంటి గేటుకు ఫ్లెక్సీ కట్టించాను. ప్రింటు కొట్టేవాడు ముందే చెప్పాడు, "అన్నా, గింత పేరు పడితే బాబు ఫొటో బొటనవేలంత అయితది," అని. కానీయమన్నాను. అందరూ కూర్చున్నాక నేను లేచి కాగితం చదివాను. సంతకాలతో సహా. అక్క తొట్టెలలోకి వంగి పేరు మూడుసార్లు చెవిలో చెప్పింది. మూడోసారికి ఆయాసం వచ్చి విహాన్ ఒక్కటే మిగిలింది.

తర్వాత ఇంటి ఆడవాళ్లు ఒక్కొక్కరే తొట్టెల ఊపి పిల్లవాణ్ణి పేరు పెట్టి పిలవాలి. అమ్మ మా నాయినమ్మను ముందుకు తీసుకొచ్చింది. నాయినమ్మ తాడు పట్టుకుంది, నోరు తెరిచింది, మూసింది.

"పిలువు అత్తా," అంది అమ్మ.

"ఎట్ల పిలువాలె? నువ్వు పిలువు సూద్దాం."

అమ్మ తొట్టెల మీదికి వంగి ఆగిపోయింది. అప్పుడు వెలిగింది నాకు. మా వైపు ఆడవాళ్లు మొగుడి పేరు గానీ, మామ పేరు గానీ నోట పలకరు. మల్లయ్య నాయినమ్మకు మొగుడు, అమ్మకు మామ. నర్సింలు అమ్మకు మొగుడు, లావణ్యకు మామ. లావణ్య ఈ కాలం పిల్ల, నన్ను పేరు పెట్టే పిలుస్తుంది. కానీ ఎదురుగా మా నాయన మీసం సవరించుకుంటూ కూర్చుంటే నరసింహ అని ఎలా అంటుంది? తల దించుకుంది.

తొట్టెల పేరు లేకుండా ఊగుతోంది. పిల్లవాడు ఏడుపు అందుకున్నాడు. ఊరుకోబెట్టడానికి ఒక్కరి దగ్గరా పేరు లేదు.

"విహాన్ అని పిలువు నాయినమ్మా," అంది అక్క.

"నాకు నోరు తిరుగది బిడ్డా. శీనుగా, ఏదిరా ఆ కాయితం? ఇటు తే."

చదువు రాని నాయినమ్మ కాగితాన్ని తలకిందులుగా పట్టుకుని చూసింది. "ఈ గీతలేంది?"

"సంతకాలు. నాది, అక్కది, నాయినది, మామది."

"రేపు పొద్దుగాల పిల్లగాన్ని లేపేదెవరు? నీళ్లు పోసేదెవరు? బువ్వ తినుమని ఎంట ఉరికేదెవరు? ఈ నలుగురా?"

నాయినమ్మ కాగితం వెనక వైపు కూడా తిప్పి చూసింది.

"పోనీ, కన్నదాని సంతకం ఏదిరా?"

ఎనిమిదేళ్లలో ఎందరో ఆడిటర్లు వచ్చి నా కాగితాల్లో తప్పు పట్టలేక పోయారు. ఈమె కాగితం తలకిందులుగా పట్టుకుని పట్టేసింది.

నాయన ఊరుకోలేదు. "మరి మా నాయిన పేరు పోవాల్నానే అమ్మా?"

"ఎటు వోతది? యాబై ఏండ్ల సంది ఆ పేరు బైటికి రానియ్యకుంట దాసుకున్న. ఇప్పుడు పిల్లగాని ముక్కు తుడుస్తందుకు తియ్యాల్నా?" అని లావణ్య వైపు తిరిగింది. "నువ్వు చెప్పు బిడ్డా. ఏం పిలుస్తున్నవు వీన్ని?"

లావణ్య పెద్దవాళ్లను చూడలేదు. నన్నే చూస్తూ చెప్పింది.

"వీడు పుట్టినప్పుడు కిటికీలకెల్లి ఎండ అప్పుడప్పుడే వస్తున్నది. అమ్మ మందులకు పోయింది. శీను షిఫ్టుల ఉన్నడు. నేను, వీడు, ఆ ఎండ, గంతే. ఉదయ్ అని పిలిచిన. కండ్లు తెరిచిండు. ఇరవై ఒక్క రోజుల సంది గట్లనే పిలుస్తున్న."

అంటే నేను ఫారం పట్టుకుని మూడూళ్లు తిరిగిన రోజులన్నిటా నా కొడుక్కి పేరు ఉంది. నాకే తెలియదు. చెబుతానని ఆమె మొదటి రోజే అంది, నేను గడి చూపించాను. ఆ పూట నాకు కలిగిన సిగ్గు అంతకుముందు ఎన్నడూ ఎరగను. క్షమించమని చుట్టాల ముందు అడగడానికి ధైర్యం చాలలేదు. భోజనాలయ్యాక వంటింట్లోకి పోయి లావణ్యను అడిగాను. "సలహాల గడిల రాస్త," అంది.

నాయినమ్మ తాడు లాగి "ఉదయూ" అంది. ఏడుపు టక్కున ఆగిందంటే బాగుంటుంది గానీ, ఆగలేదు. తల మాత్రం అటు తిప్పాడు. అమ్మ పిలిచింది. లావణ్య పిలిచింది. మామ వాకిట్లో ఎండ వైపు చూసి, "సూర్యుడు గూడ దేవుడే కద తియ్," అని తొట్టెల దగ్గర కూర్చున్నాడు. అక్క మళ్లీ వంగి, ఈసారి ఆయాసం లేకుండా చెవిలో చెప్పింది.

నాయన మూతి ముడుచుకునే భోజనం చేసి, ఫ్లెక్సీ విప్పి చుట్టి ఊరికి తీసుకుపోయాడు. ఇప్పుడది మా గడ్డివాము మీద ఉంది. ఏ వానకూ గడ్డి తడవలేదు. నాయినమ్మ అటు పోయినప్పుడల్లా కొంగు సర్దుకుంటుంది. ఫ్లెక్సీ మీది గీతల్లో తాత పేరు ఏదో ఆమెకు ఎవరు చూపించారో తెలియదు.

ఇందుమూలముగా సమస్తమైన తండ్రులకు తెలియజేయునది: ఇకపై నా ఇంట పుట్టు బిడ్డకైనా, తెచ్చు కుక్కపిల్లకైనా, దాన్ని రోజూ పిలిచేవాళ్లు పేరు చెప్పేదాకా నేను పెన్ను ముట్టను. ఈ ప్రతిజ్ఞను టైపు చేసి, కింద అలవాటుగా మూడు గడులు గీసి లావణ్యకు చూపించాను. ఆమె తీరిగ్గా చదివి, తయారు చేసినవారు, పరిశీలించినవారు, ఆమోదించినవారు, మూడింటిలోనూ తనే సంతకం పెట్టి నాకొక కాపీ ఇచ్చింది.