డ్యూటీ అయ్యాక అరగంట

ఆ పళ్లరసాల ఫ్యాక్టరీలో ఆమెని అందరూ పెద్దక్క అనేవాళ్లు. వయసులో పెద్దదేం కాదు. ఆమెకంటే పదేళ్లు పైబడిన ఫిల్లింగ్ మిషన్ ఆపరేటరు కూడా నోరారా పెద్దక్కా అనే పిలిచేవాడు. సీసాలు నింపే హాల్లో గాజుకి గాజు తగిలే మోతలో పక్కనున్న మనిషి మాటే వినపడదు. అలాంటి చోట కూడా ఆమె గొంతు ఈ చివర నుంచి ఆ చివరకి ఖంగుమని వినిపించేది. ఆ గొంతుని చూసే ఆ పేరు పెట్టేశారని కొందరు అనేవాళ్లు.

పెట్టెలు సర్దే పనిలో చేరి, లేబుళ్ల దగ్గరికి, అక్కణ్ణుంచి మూతల మిషన్ దగ్గరికి వచ్చింది. ఏ మిషన్ ఎప్పుడు మొరాయిస్తుందో, ఏది ఒక్క దెబ్బ వేస్తే దారికొస్తుందో, దేన్ని అసలు ముట్టుకోకుండా మెకానిక్కుని పిలవాలో ఆమెకి తెలుసు. పొద్దుటి షిఫ్టు సూపర్‌వైజరు ఇంకో కంపెనీకి వెళ్లిపోయినప్పుడు మేనేజరు ఆమెని పిలిచి, "రేపట్నుంచి లైను నీదేనమ్మా" అన్నాడు. ఆయన మాట పూర్తవకముందే సరేనంది. తెల్ల టోపీ తీసుకుని సూపర్‌వైజర్ల ఎర్ర టోపీ ఇచ్చారు.

ఆ టోపీని సంచిలో పెట్టుకుని ఇంటికి తెచ్చి అత్తయ్యకి చూపించింది. అత్తయ్య ఆసుపత్రి లాండ్రీలో ఏళ్ల తరబడి దుప్పట్లు ఉతికి రిటైరైన మనిషి. టోపీని అటూ ఇటూ తిప్పి, కుట్టు సరిగ్గా ఉందో లేదో చూసి, "బాగుంది. జీతమెంత?" అంది.

"పెరుగుతుంది అత్తయ్యా."

"ఎంత పెరుగుతుంది?"

"పెరుగుతుందన్నారు."

"కుండీలో మొక్క గురించి చెప్తున్నావా, జీతం గురించి చెప్తున్నావా అమ్మాయ్? ఎంతో అడగలేదూ?"

అడగలేదు. సంతోషంలో ఆ ఊసే రాలేదు. స్కూలు వ్యాన్ తోలే భర్త పక్కన కూర్చుని, "ఊరుకోమ్మా, ఇవాళే కదా ఇచ్చారు" అని తల్లికి సర్దిచెప్పబోయాడు. "నేనేమన్నానురా, అడిగానంతే" అందావిడ.

పని మాత్రం పెద్దక్కకి మొదటి రోజు నుంచే చేతిలోకి వచ్చేసింది. నారింజ రసం నుంచి నిమ్మరసానికి మారేటప్పుడు పైపులన్నీ వేడి మందునీళ్లతో కడిగించడం, చివర్న వచ్చే నీళ్లు ల్యాబుకి పంపి సరేనన్నాకే లైను మొదలుపెట్టడం, ఎవరైనా రాకపోతే ఉన్నవాళ్లని సర్దుకోవడం, మధ్యాహ్నం షిఫ్టు వాళ్లకి ఎక్కడ ఏం జరిగిందో చెప్పి అప్పజెప్పడం. ఆ అప్పజెప్పడం దగ్గరే వచ్చింది చిక్కు. అది డ్యూటీ అయ్యాక మొదలవుతుంది. తక్కువలో తక్కువ అరగంట. అవతలి మనిషి ఆలస్యంగా వస్తే గంట. సెలవు రోజు మిషన్ ఆగితే ఫోను. ఫోనొస్తే పరుగు.

మొదటి జీతం చేతికొచ్చింది. మూల జీతం పెరిగింది, అబద్ధం లేదు. కానీ మొత్తం చూస్తే మూతల మిషన్ దగ్గరున్నప్పుడు ఇంటికి తెచ్చినదానికంటే తక్కువ. ఆపరేటర్లకి అదనపు గంటలకి ఓవర్‌టైం ఉంది. సూపర్‌వైజరంటే స్టాఫు. స్టాఫుకి ఓవర్‌టైం లేదు. ఆమె ఉండమంటే ఆమెతోపాటే ఉండిపోయిన ఫిల్లింగ్ ఆపరేటరు ఆ నెల ఆమెకంటే ఎక్కువ పట్టుకెళ్లాడు. పాపం, అతనే సిగ్గుపడ్డాడు. "నువ్వు సిగ్గుపడటం దేనికి? నువ్వు చేసినదానికే తీసుకున్నావు" అని నవ్వేసింది గానీ, బస్సులో కూర్చున్నాక ఆ నవ్వు నిలవలేదు.

"పాత పనికే వెళ్లిపోరాదూ? తలనొప్పయినా తగ్గుతుంది" అన్నాడు భర్త.

"ఎందుకెళ్లాలి? పని నాకొచ్చు. జీతం ఇవ్వడమే వాళ్లకి రావట్లేదు. అది వాళ్లు నేర్చుకోవాలి."

ఆ మాటకి అత్తయ్య వంటగదిలోంచి తల బయటికి పెట్టి కోడల్ని ఒకసారి తేరిపార చూసి, మళ్లీ లోపలికి వెళ్లిపోయింది. ఆవిడ మెచ్చుకోలు అలాగే ఉంటుంది.

మేనేజరుని అడిగింది. ఆయన చెడ్డవాడు కాదు. కుర్చీ చూపించి కూర్చోమన్నాడు. "నీది గౌరవమైన పోస్టమ్మా" అని మొదలుపెట్టి, పైవాళ్లకి చెప్తానని నీళ్లు నమిలాడు. నెల తర్వాత మళ్లీ అడిగితే మళ్లీ అదే కుర్చీ, అవే నీళ్లు. మూడోసారి ఆమె కూర్చోలేదు.

"సార్, సోమవారం నుంచి నా డ్యూటీ అవ్వగానే వెళ్లిపోతాను. ముందే చెప్తున్నాను, తర్వాత చెప్పలేదనకండి."

"అలాగేనమ్మా" అన్నాడాయన, కాగితాల్లోంచి తల ఎత్తకుండా. సరదాకి అంటోందనుకున్నాడు.

సోమ, మంగళవారాలు ఏమీ కాలేదు. మధ్యాహ్నం షిఫ్టు సూపర్‌వైజరు వేళకే వచ్చాడు. ఆయన్ని మీసాలాయన అంటారు, ఆ మీసాలు చూస్తే ఇంకో పేరు తట్టదు. నడుస్తూనే రెండు ముక్కల్లో అప్పజెప్పేసి వెళ్లిపోయింది. బుధవారం ఆయన ఎక్కిన బస్సు దారిలో ఆగిపోయింది. డ్యూటీ ముగిసిన బెల్లు మోగింది. మధ్యాహ్నం ఆపరేటర్లు వచ్చి మిషన్ల దగ్గర నిలబడ్డారు. ఎర్ర టోపీ మాత్రం రాలేదు.

లైనుని అలా వదిలేసి వెళ్లే మనిషి కాదామె. ఆ సీసాల్లోకెళ్లేది జనం తాగే రసం. సూపర్‌వైజరు లేకుండా లైను నడపకూడదని గోడ మీద పెద్ద అక్షరాలతో బోర్డు కూడా ఉంది. ఆమె నేరుగా వెళ్లి ఫిల్లింగ్ మిషన్ పక్కనున్న మీట నొక్కింది. సీసాలు ఒకదాన్నొకటి ఢీకొని, నెమ్మదించి, ఆగిపోయాయి. ఆ హాల్లో ఎప్పుడూ వినపడని నీటి చుక్కల శబ్దం వినపడింది.

మేనేజరు మెట్లు దిగి పరుగున వచ్చాడు. "ఏమైంది? మిషన్ పోయిందా?"

"మిషన్ బాగానే ఉంది సార్. నా డ్యూటీ అయిపోయింది. ఆయన ఇంకా రాలేదు. సూపర్‌వైజరు లేకుండా నడపకూడదు కదా, ఆపాను."

"ఆయన వచ్చేదాకా నువ్వుండొచ్చు కదమ్మా!"

"ఉంటాను సార్. ఉన్నంతసేపటికీ ఏమిస్తారో చెప్పండి, ఇప్పుడే మొదలుపెట్టిస్తాను."

మేనేజరు గడియారం చూశాడు, బోర్డు చూశాడు, ఆమె మొహం చూశాడు. ఆ మొహంలో కోపం లేదు. మిషన్ చెడితే ఏ బోల్టు వదులైందో మెకానిక్కుకి చెప్పేటప్పుడు ఎలా ఉంటుందో అలాగే ఉంది. ఆయన వచ్చిన మెట్లే ఎక్కి వెళ్లిపోయాడు. మీసాలాయన వచ్చేదాకా లైను ఆగే ఉంది. ఆమె వెళ్లలేదు. బెంచీ మీద కూర్చుని అందరితోపాటు ఎదురుచూసింది.

ఆ మర్నాడు మీసాలాయన ఆమెతో మాట్లాడలేదు. అప్పజెప్పేటప్పుడు ఊఁ కొట్టాడంతే. తన మూలంగా లైను ఆగిందన్న మాట ఫ్యాక్టరీ అంతా పాకింది మరి. ఆమెకి అది గుచ్చుకుంది. ఆ తర్వాతి రోజు భోజనాలకి లైను ఆపినప్పుడు, ఆయన తన డ్యూటీకి ముందే వచ్చి క్యాంటీన్లో కూర్చుని ఉంటే, రెండు టీలు తీసుకుని ఎదురుగా కూర్చుంది.

"అన్నయ్యా, మిమ్మల్ని బద్నాం చెయ్యాలని కాదు. బస్సు ఆగిపోతుందని నాకేం తెలుసు?"

ఆయన మీసం సవరించుకుని టీ అందుకున్నాడు. "నీ మీద కోపం కాదులే తల్లీ. ఇన్నేళ్లుగా పిలిచినప్పుడల్లా వచ్చాను. అర్ధరాత్రి పిలిచినా వచ్చాను. ఒక్క రోజు నా ఆలస్యానికి లైను ఆగితే, అందరూ నన్నే చూశారు. మా చిన్నదాని బడిలో ఫంక్షన్ అయితే నేనెప్పుడూ లేను. ఒక్క ఫొటోలోనూ నేను లేకపోతే, ఆ పిల్లకి నాన్న పోయాడేమో అనుకుంటారు వాళ్ల టీచర్లు."

ఇద్దరూ ఒక్కసారిగా నవ్వారు. నవ్వి, ఆయన కళ్లు తుడుచుకున్నాడు.

"మరి కలిసి అడుగుదామా?" అందామె.

"రాత్రి షిఫ్టు వాణ్ణి నేను తీసుకొస్తాను" అన్నాడాయన.

ఈలోగా మేనేజరు తన ప్రయత్నం తను చేశాడు. ఎర్ర టోపీ తీసుకుంటావా అని ఫిల్లింగ్ ఆపరేటరుని పిలిచి అడిగాడు. "నాకెందుకు సార్? ఉన్న ఓవర్‌టైం పోగొట్టుకుని, పైగా మీతో తిట్లు తినడానికా?" అన్నాడట. లేబుళ్ల దగ్గర పనిచేసే ఆమెని అడిగాడు. "పెద్దక్కకే సరిపోని జీతం నాకేం సరిపోతుంది సార్" అని చక్కా వెళ్లిపోయిందట. ఈ మాటలు ఆయనే తర్వాత ఒకసారి నవ్వుతూ చెప్పాడు. అప్పుడు మాత్రం నవ్వలేదు.

చివరికి, ముగ్గురు సూపర్‌వైజర్లూ కలిసి అడిగాక, పై ఆఫీసు నుంచి ఒకావిడ వచ్చింది. బల్లకి ఒకవైపు వాళ్లు ముగ్గురూ, ఇంకోవైపు ఆవిడా మేనేజరూ. మీసాలాయన ఇంట్లో నాలుగు మాటలు బట్టీపట్టి వచ్చి, తీరా అక్కడ అవి మర్చిపోయి పెద్దక్క వైపు చూశాడు. ఆమె చెప్పింది. అరిచి చెప్పాల్సిన పని లేకపోయింది, అక్కడ సీసాల మోత లేదు.

"మేడమ్, మేమూ పనివాళ్లమే. టోపీ రంగు మారిందంతే. అప్పజెప్పే అరగంట కూడా డ్యూటీయే, దానికి డబ్బివ్వండి. సెలవు రోజు పిలిస్తే బదులు ఇంకో రోజు సెలవివ్వండి. మా కింద పనిచేసేవాళ్ల కంటే మా చేతికి తక్కువ వస్తే, రేపు ఈ పనికి ఎవరూ రారు. ఇప్పటికే రావట్లేదని మేనేజరు గారికి తెలుసు."

మేనేజరు దగ్గాడు. తర్వాత, ఎవరూ అడగకుండానే, "ఆమె చెప్పింది నిజమేనండీ" అన్నాడు.

అడిగినవన్నీ రాలేదు. అరగంటకి డబ్బు ఒప్పుకున్నారు. సెలవు రోజు పిలిస్తే బదులు సెలవు ఒప్పుకున్నారు. బాధ్యత భత్యమని కొంత కలిపారు, అడిగినదాంట్లో సగం. గడిచిన నెలల సంగతి ఎత్తితే, ఆవిడ నవ్వి ఊరుకుంది. "అది మళ్లీ వచ్చే ఏడాది అడుగుతాం" అంది పెద్దక్క, తనూ నవ్వి. మీసాలాయన బయటికొచ్చాక, "నిజంగానే అడుగుతావా?" అన్నాడు. "అడక్కుండా ఉంటానా?" అందామె.

ఆ తర్వాత వచ్చిన మొదటి ఆదివారమే ఫోను మోగింది. మూతల మిషన్ మొరాయించిందట. ఆమె తడి జుట్టు తువ్వాలుతో చుట్టుకుంటూ, "వస్తాను సార్. బదులు సెలవు ఎప్పుడు?" అంది.

"బుధవారం" అన్నాడు మేనేజరు. ఏమాత్రం నసగలేదు.

బుధవారం ఆమె బారెడు పొద్దెక్కేదాకా పడుకుంది. పక్కింటామె వచ్చి కోడలింకా లేవలేదా అని బుగ్గలు నొక్కుకుంటే, అత్తయ్య గుమ్మానికి అడ్డంగా నిలబడి, "గట్టిగా మాట్లాడకు. మా అమ్మాయికి ఇవాళ జీతంతో సెలవు" అని చెప్పి పంపించేసింది.